ముట్టుకోవద్దన్నదెవరు?

"నానే సంపీసేనమ్మా," అంది అప్పయ్యమ్మ మూడోసారి.

ఎస్సై ఝాన్సీలక్ష్మి పెన్ను కింద పెట్టింది. బతిమాలినా బెదిరించినా నేరం ఒప్పుకోని వాళ్ళని ముప్పై ఏళ్ళ సర్వీసులో బోలెడుమందిని చూసింది. అడక్కుండానే ఒప్పుకుని, పైగా ఎదుటివాళ్ళు నమ్మకపోతే విసుక్కునే మనిషిని మాత్రం చూడటం ఇదే మొదలు.

పన్నెండూ నలభై అయింది. సాయంత్రం ఐదింటికి ఈ ముసలమ్మని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆ తర్వాత రిమాండు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చెరుకు తోటా మేకలూ తప్ప ఇంకేమీ ఎరగని మనిషి, విశాఖపట్నం జైలుకి పోతుంది.

నిజానికి ఈ కేసు ఝాన్సీది కాదు. జాతర బందోబస్తులో మూడు రోజులు నిలబడి ఆమె మోకాళ్ళు వాచిపోయాయి. నిద్ర అన్న మాట విని మూడు రోజులైంది. ఈలోగా జిల్లా స్పెషల్ టీమ్ ఎస్సై జగదీశ్వరరావు వచ్చి కేసు తేల్చేశాడు. స్టేషన్ ఎస్సైగా ఆమె సంతకం పెడితే చాలు, ఇంటికెళ్ళి పడుకోవచ్చు. ఆ సంతకమే పడటం లేదు.

కాగితంలో ఉన్నది ఇంతే. నర్సీపట్నానికి ఆరు కిలోమీటర్ల దూరంలో, రావికమతం రోడ్డు పక్కన అప్పయ్యమ్మ చెరుకు తోట ఉంది. అడవిపందుల బాధ పడలేక మోటారు స్టార్టర్ నుంచి తోట చుట్టూ కరెంటు తీగ లాగింది. నిన్న మధ్యాహ్నం గాలివానలో ఆ తీగ తగిలి రాజుబాబు అనే ముప్పై ఎనిమిదేళ్ళ లైన్‌మేన్ చచ్చిపోయాడు.

కరెంటుతోనే బతికే లైన్‌మేన్, పందుల తీగ కాలికి చుట్టుకుని పోవడమేమిటి? పోకూడదని కాదు. ఒక్కసారి అడిగి చూస్తే పోయేదేముంది అనిపించిందామెకి.

"తీగ ఎప్పుడు తగిలించావు?"

"మొన్న రేతిరమ్మా. పందులొచ్చి సెరుకంతా తొక్కేస్తన్నాయి. రోజూ తెల్లారగానే తీసెస్తాను. నిన్న నడుం పట్టీసి నెగనేకపోనాను. తియ్యనేదు. అదే నా పాపం."

"వాన మొదలైనప్పుడు నువ్వెక్కడున్నావు?"

"పాకలో కూకున్నాను. పెదబాబూ, ఆ రాజుబాబూ లైను సూసుకోడానికొచ్చేరు. మెరుపులు మొదలెట్టగానే పెదబాబు రోడ్డు మీద యాన్లోకెల్లిపోనాడు. ఆ రాజుబాబేమో తాడిచెట్టు కాడికెల్లేడు. మా మేకనీ అక్కడే కట్టీసేను. ఇంతలో మెరుపొచ్చింది. ఉరుమొచ్చింది. నాను కింద పడిపోనాను. సెవులు గుయ్యిమన్నాయి."

"మెరుపొచ్చిన ఎంతసేపటికి ఉరుమొచ్చింది?"

అప్పయ్యమ్మ ఆమెని వింతగా చూసింది. మనిషి పోతే ఇదేం ప్రశ్న అన్నట్టుంది ఆ చూపు.

"ఎంతసేపేటమ్మా! రొండూ ఒక్కపాలే. రెప్ప ఏసినంతసేపు కూడా నేదు."

ఝాన్సీ ఆ మాట కింద గీత గీసింది. "తర్వాత?"

"నెగిసి సూస్తే రాజుబాబు ఎల్లకిలా పడున్నాడు. పరిగెట్టేను. ముట్టుకోవద్దన్నారు. ఒళ్ళంతా కరెంటుంటాది, ముట్టుకుంటే నువ్వూ పోతావన్నారు. పదడుగుల దూరంలో ఆగిపోనాను. అంబులెన్సొచ్చీవరకూ అలగే కూకున్నాను. ఆ పిల్లలు తండ్రి నేనోలైపోనారు. నన్ను బేగి పంపీయమ్మా, ఎక్కడికి పంపాలో అక్కడికి."

ముసలమ్మ బాధల్లా తనకి వడ్డించిన శిక్ష ఆలస్యమవుతోందనే. ఝాన్సీ ఫైలు చంకలో పెట్టుకుని బయటికొచ్చింది.

వరండాలో బెంచీ మీద పెదబాబు కూర్చుని ఉన్నాడు. నలభై ఐదేళ్ళు, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, అప్పయ్యమ్మ అక్క కొడుకు, రాజుబాబుతో కలిసి కరెంటు లైన్ల మీద పనిచేసేవాడు. ఒళ్ళో అన్నం కేరేజీ పెట్టుకున్నాడు. ఝాన్సీని చూడగానే లేచి నిలబడ్డాడు.

"లైనులో సప్లై ఉందా ఆ టైముకి?" అని అడిగింది.

"ఉందండి మేడమ్. నిన్న సారుకి రాసిచ్చేనండి. సప్లై ఉండగానే ఫాల్టు ఎక్కడుందో సూస్తన్నాం. మా సిన్నమ్మకి ఎన్నిమార్లు సెప్పేనండి, ఆ తీగ వద్దని. ఇనదు. ఇప్పుడు సూడండి." అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రాజుబాబూ నేనూ ఒకే కంచంలో తిన్నామండి."

ఆ మాటకి ఝాన్సీ నిజంగానే జాలిపడింది. డ్రైవరుని లేపి జీపు తీయించింది.

*

తోట దగ్గర దిగేసరికి ఒకటీ ఇరవై ఐదు. నిన్నటి వానకి మెత్తబడిన గట్టు మీద మోకాళ్ళు పట్టుకుని నడిచింది. కానిస్టేబులు టేపు పట్టుకున్నాడు.

తాడిచెట్టుకీ శవం పడి ఉన్న సున్నం గీతకీ మధ్య నాలుగడుగులు. శవానికీ తీగకీ మధ్య ఇరవై మూడడుగులు. ఝాన్సీ రెండో అంకెని రెండుసార్లు కొలిపించింది.

చెట్టుని చూడటానికి తల ఎత్తాల్సి వచ్చింది. మొవ్వు నుంచి వేరు దాకా బెత్తెడు వెడల్పున పట్ట లేచిపోయి, లోపలి చెక్క తెల్లగా కనిపిస్తోంది. ఎండిన గాయం కాదు, పచ్చిది. ముక్కలు పది గజాల దూరం దాకా ఎగిరి పడ్డాయి. చెట్టు మొదట్లో మేకని కట్టిన గుంజ, దానికి మాడిన తాడు ముక్క. మేకని నిన్ననే పాతేశారట. దాని ఒంటి మీద ఒక్క గాయం కూడా లేదని పాతిన మనిషి గంగులు చెప్పాడు. తీగ మాత్రం గుంజకి చాలా దూరంలో ఉంది.

ఝాన్సీ ఫోన్ తీసి, నిన్న నాలుగున్నరకి కానిస్టేబులు తీసిన శవం ఫోటోలు పెద్దవి చేసి చూసింది. చెప్పులు పగిలి విచ్చిపోయాయి. చొక్కా వీపు వైపు నిలువునా చిరిగింది. వీపు మీద ఎర్రటి గీతలు, చింతాకు రెమ్మల్లా ఒకదాంట్లోంచి ఒకటి చీలుతూ, భుజం నుంచి నడుం దాకా. ఇవాళ పొద్దున్న పోస్టుమార్టం రిపోర్టులో ఆ గీతల ఊసే లేదు.

ఇంకో జీపు వచ్చి ఆగింది. జగదీశ్వరరావు దిగాడు. ముప్పై నాలుగేళ్ళు, చలువ మడత చొక్కా, బురదలోనూ మెరిసే బూట్లు.

"మేడమ్, నా ఫైలు మీ దగ్గరుందట."

"నా స్టేషన్ ఫైలు నా దగ్గరుంది."

"మీకు రిటైర్‌మెంట్ ఎన్నాళ్ళుంది?"

"పద్నాలుగు నెలలు."

"హాయిగా గడపొచ్చు కదా. ముద్దాయి ఒప్పుకుంది. తీగ దొరికింది. సాక్షి ఉన్నాడు. ఇంకేం కావాలి?"

"తీగ తగిలిన గుర్తు కావాలి," అంది ఝాన్సీ. "ఇనప తీగ కాలికి తగిలి మనిషి పోతే అక్కడ కాలిన గీత ఉంటుంది. రాజుబాబు కాళ్ళ మీద లేదు. చేతుల మీద లేదు. వీపు మీద ఇవి ఉన్నాయి." ఫోన్ అతని ముందు పెట్టింది.

"కొట్టిన దెబ్బలు కావచ్చు. తీగ మీద పడ్డ వాతలు కావచ్చు."

"వాతలైతే ఇవాళ పొద్దున్నకి నల్లబడి ఉండాలి, మాయం కాకూడదు. పిడుగు ఒంటి మీద వేసే గీతలు మాత్రమే ఒక్క రోజులో చెరిగిపోతాయి. అందుకే డాక్టరుకి కనబడలేదు."

జగదీశ్వరరావు నవ్వాడు. "పిడుగా? అయితే మీరే చెప్పండి, సరిగ్గా ఇక్కడే ఎందుకు పడిందో."

ఝాన్సీ గట్టు మీద కూర్చుంది. నిలబడి క్లాసు చెప్పే ఓపిక లేదు. బి.ఎస్సీ.లో చదివిన ఫిజిక్సు ఈ బురదలో పనికొస్తుందని ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే ఇంకాస్త శ్రద్ధగా చదివేది.

"పెద్ద మబ్బులో ఉండేది నీళ్ళొక్కటే కాదండీ. పైన మంచు రవ్వలు, చిన్న చిన్న వడగళ్ళు. లోపల గాలి వాటిని పైకి తోస్తుంటే, బరువైనవి కిందికి జారుతుంటే, ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఆ రాపిడికే చార్జి పుడుతుంది. తేలికపాటి రవ్వలు పాజిటివ్ మోసుకుని మబ్బు పైకి పోతాయి. బరువైనవి నెగటివ్‌తో అడుగున చేరతాయి. అడుగున అంత నెగటివ్ పోగైతే, కింద నేలలో ఉన్న పాజిటివ్ దాని వైపు లేస్తుంది. ఎత్తుగా ఏది ఉంటే దాని మీదికెక్కి ఎదురుచూస్తుంది. ఈ చుట్టుపక్కల ఎత్తుగా ఏముంది?"

అతను అప్రయత్నంగా తాడిచెట్టు వైపు చూశాడు.

"మధ్యలో గాలి అడ్డు. ఆ అడ్డు తెగిందంటే పైనున్నది మెట్లు మెట్లుగా దిగుతుంది, కిందున్నది ఎదురెళ్తుంది, రెండూ కలిసిన క్షణం మెరుపు. ఆ దారిలో గాలి సూర్యుడి పైపొర కంటే నాలుగైదు రెట్లు వేడెక్కి ఒక్కసారి ఉబ్బి పేలుతుంది. అదే ఉరుము. వెలుగు వెంటనే కంటికొస్తుంది. చప్పుడు మాత్రం కిలోమీటరుకి మూడు సెకన్లు తీసుకుంటుంది. అప్పయ్యమ్మకి రెండూ ఒక్కపాలే వచ్చాయి. అంటే పిడుగు ఆవిడ నెత్తి మీదే పడింది."

"ముసలమ్మ మాట కోర్టులో నిలబడదు మేడమ్."

"చెట్టు మాట నిలబడుతుంది. కావాలంటే మేక మాట కూడా. చెట్టులోంచి నేలలోకి దిగిన కరెంటు నేలంతా పాకుతుంది. ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ మధ్య దూరం ఉంది కదా, ఒక కాల్లో ఎక్కి ఇంకో కాల్లో దిగుతుంది. గాయం ఉండదు, ప్రాణం ఉండదు. అందుకే బయట చిక్కుకుపోతే కాళ్ళు రెండూ దగ్గర పెట్టి గొంతుక్కూర్చోమంటారు, పడుకోవద్దంటారు. రాజుబాబు చెట్టుకి నాలుగడుగుల్లో ఉన్నాడు. అంత దగ్గరగా ఉంటే చెట్టు నుంచి మనిషి మీదికి దూకుతుంది."

"లైన్‌మేన్‌కి ఆ మాత్రం తెలీదా? చెట్టు కిందికి ఎందుకెళ్తాడు?"

"వాన మీద పడితే మనిషికి చెట్టే గుర్తొస్తుందండీ. నిన్న మూడూ పదికి అందరి ఫోన్లకీ పిడుగుల హెచ్చరిక వచ్చింది, చెట్ల కింద ఉండొద్దని. మీకూ వచ్చుంటుంది. చదివారా?"

జగదీశ్వరరావు చెయ్యి జేబులో ఫోన్ మీదికి పోయింది. చదవలేదని అర్థం. ఝాన్సీ కూడా నిన్న చదవలేదు, ఇవాళ జీపులో చూసింది, ఆ సంగతి ఆమె చెప్పుకోలేదు.

"పెదబాబు తెలివైనవాడు," అందామె. "వ్యానులోకెళ్ళి తలుపులేసుకున్నాడు. పాకలో కంటే అదే భద్రం."

జగదీశ్వరరావు గొంతు సర్దుకున్నాడు. తన దగ్గర ఇంకో కాగితం ఉందన్న ధీమా మొహంలో కనిపించింది. "సరే, పిడుగే పడిందనుకుందాం. పిడుగు కాస్త దూరంలో పడి, ఉలిక్కిపడి పరిగెత్తి తీగ మీద పడ్డాడనుకుందాం. తర్వాత దొర్లాడో, ఎవరైనా లాగారో. తీగలో సప్లై ఉందన్నది వాస్తవం. సబ్‌స్టేషన్ రిజిస్టరు కాపీ ఇదిగో. మూడూ నలభై ఏడుకి ట్రిప్ అయింది, నలభై తొమ్మిదికి మళ్ళీ చార్జ్ చేశారు. ఆ రెండు నిమిషాలు తప్ప సప్లై ఆగలేదు. తీగ ఉన్నంతవరకూ ఆవిడ నేరం పోదు."

ఝాన్సీ కాగితం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుంది. లైను ట్రిప్ అయింది పిడుగు దెబ్బకే, కాబట్టి మూడూ నలభై ఏడు అన్నది పిడుగు పడ్డ క్షణమేనని తేలిపోయింది, ఆ మేరకి అతనికి థాంక్స్ చెప్పాలి. ఆ తర్వాత కాగితం పై వరస చదివింది.

"ఇది ఊరి ఫీడరండీ."

"అంటే?"

"ఊళ్ళో ఇళ్ళకి ఒక లైను, పొలాల మోటార్లకి ఇంకో లైను. రెండూ వేరు వేరు. అప్పయ్యమ్మ తీగ లాగింది మోటారు స్టార్టర్ నుంచి. ఈ కాగితం మీకెవరిచ్చారు?"

జగదీశ్వరరావు మొహంలో మొదటిసారి చిరాకు కాకుండా ఇంకేదో కనిపించింది. "పెదబాబే తెచ్చిచ్చాడు. సబ్‌స్టేషన్‌కి నేను వెళ్ళక్కర్లేకుండా."

*

సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటరు లావణ్య. పాతికేళ్ళుంటాయి. పోలీసు జీపు చూసి లేచి నిలబడి, మళ్ళీ కూర్చోమనే వరకూ కూర్చోలేదు. రెండున్నర దాటింది. ఎదర గోడ మీద ఒక పాత చార్టు వేలాడుతోంది. షాకు తగిలిన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మీద రెండు చేతులతో నొక్కుతున్న బొమ్మలు.

"పొలాల ఫీడరు రిజిస్టరు కావాలమ్మా. నిన్నటిది."

లావణ్య తీసిచ్చింది. నిన్న మూడూ ఇరవై నుంచి నాలుగూ ముప్పై ఐదు దాకా గడులన్నీ సున్నాలు. పక్కన రెండే అక్షరాలు: ఎల్.సి.

"లైన్ క్లియర్ అండి," అంది లావణ్య. "స్తంభం ఎక్కే ముందు మాకు ఫోన్ చేసి లైను ఆపించుకుంటారు. దిగేక, అందరూ దిగేరని చెప్పి వాపసిస్తారు. అప్పుడే మళ్ళీ వేస్తాం. దానికి వేరే పుస్తకం ఉందండి."

ఆ పుస్తకం పలచగా, అట్ట చిరిగి ఉంది. నిన్నటి పేజీలో ఒకటే వరస. టైము మూడూ ఇరవై. లైను ఆపమని అడిగిన మనిషి పెదబాబు. వాపసు ఇచ్చిన టైము నాలుగూ ముప్పై ఐదు. వాపసు ఇచ్చిన మనిషి పెదబాబు.

ఝాన్సీ ఆ వరసని రెండుసార్లు చదివింది. పిడుగు పడిన మూడూ నలభై ఏడుకి పొలాల లైనులో కరెంటు లేదు. అప్పయ్యమ్మ తీగ ఉత్త ఇనప తీగ. ముసలమ్మ బయటపడింది అనుకుంది, ఒళ్ళంతా ఒక్కసారి తేలికైంది. అంతలోనే రెండో ఆలోచన వచ్చి ఆ తేలికని లాగేసుకుంది. లైను ఆపించిన మనిషి పెదబాబు. సప్లై ఉందని రాసిచ్చిన మనిషీ పెదబాబే. మర్చిపోవడానికి ఆస్కారం లేదు. స్తంభం ఎక్కేవాడికి ప్రాణం మీద మాట అది.

అబద్ధం ఎందుకు? పిడుగు పడి పోయాడంటే ఎవరికీ తప్పు అంటదు. సొంత పిన్నిని జైలుకి పంపి అతను దేన్ని దాచుకుంటున్నాడు?

"ఈ పుస్తకం సంగతి ఆ సారుకి ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదండి." లావణ్య బల్ల అంచు గోటితో గీరుతోంది. "మేడమ్, నేను చెప్పేనని చెప్పకండి. ఫిబ్రవరిలో గోవింద్ అని ఒకతను స్తంభం మీద పోయాడండి. అతనింకా దిగకుండానే పెదబాబు గారు లైను వాపసిచ్చేసేరంట. కింద నిలబడి చూసింది రాజుబాబు గారొక్కరే. సోమవారం ఎంక్వయిరీ. రాజుబాబు గారు ఉన్నదున్నట్టు చెప్తానన్నారు."

ఇవాళ శుక్రవారం. అయినా పిడుగుని ఎవరూ పిలిచి వేయించలేరు. పెదబాబు వ్యానులో తలుపులేసుకుని ఉన్నాడు. అతను రాజుబాబుని చంపలేదు. మరి?

ఆమె చూపు గోడ మీద చార్టు దగ్గర ఆగింది. "ఇది మీకు నేర్పిస్తారా?"

"ఏటా నేర్పుతారండి. బొమ్మని పడుకోబెట్టి చేసి చూపించేది పెదబాబు గారే. ఆయనకి బాగా వచ్చు."

జీపులోకి వచ్చి పోస్టుమార్టం చేసిన డాక్టరుకి ఫోన్ చేసింది. పిడుగు పడ్డ మనిషి ఒంట్లో కరెంటు ఎంతసేపు నిలుస్తుందని అడిగింది.

"క్షణం కూడా నిలవదండీ," అన్నాడాయన. "ఎవరైనా ముట్టుకోవచ్చు. ముట్టుకోవాలి కూడా. చాలా కేసుల్లో గుండె ఆగి దానంతటదే మళ్ళీ మొదలవుతుంది, ఊపిరి మాత్రం రాదు. పక్కనున్నవాళ్ళు ఛాతీ నొక్కుతూ ఊపిరి ఊదితే బతికే అవకాశం బాగా ఉంటుంది. వదిలేస్తే ఆ మొదలైన గుండె కూడా ఆగిపోతుంది. మనవాళ్ళతో వచ్చిన చిక్కు అదే, కరెంటుంటుందని దగ్గరికే వెళ్ళరు."

ఝాన్సీ ఫోన్ పెట్టేసింది. తీగలో కరెంటు ఉంటే, ముట్టుకోవద్దన్న మాట ప్రాణం కాపాడే మాట. తీగలో కరెంటు లేకపోతే అదే మాట ప్రాణం తీసే మాట. ఆ మాట అన్నది పెదబాబే అయి ఉండాలి, అందుకే అతనికి సప్లై ఉండి తీరాలి. మధ్యాహ్నం ముసలమ్మ చెప్పినప్పుడే ఆ మాట పట్టుకోవాల్సింది. నిద్రమత్తులో వదిలేసింది. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యలో అంబులెన్సు వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి కాల్ లిస్టు తీయించేసరికి ఇంకో గంట పోయింది. పెదబాబు ఫోన్ నుంచి కాల్ వచ్చింది మూడూ యాభై ఎనిమిదికి. పిడుగు పడిన పదకొండు నిమిషాలకి.

*

జగదీశ్వరరావు స్టేషన్ గుమ్మంలోనే ఎదురయ్యాడు. ఝాన్సీ ఎల్.సి. పుస్తకం ఫోటో, కాల్ లిస్టు చూపించి, డాక్టరు అన్నదీ, ముట్టుకోవద్దన్న మాటా చెప్పింది. అతను రెండూ చూసి, మళ్ళీ చూసి, చొక్కా కాలరు సర్దుకున్నాడు. మూర్ఖుడు కాదు, తొందర మనిషి. ఆ సంగతి ఝాన్సీ ఒప్పుకుంది.

"మోసపోయాను," అన్నాడు మెల్లగా. "కానీ మేడమ్, ఇది చాలదు. టెన్షన్‌లో మర్చిపోయి తప్పు రాశానంటాడు. సిగ్నల్ లేక ఫోన్ ఆలస్యమైందంటాడు. ముట్టుకోవద్దని అతనే అన్నాడని చెప్పే సాక్షి ఎవరు?"

"ఒక్కరే ఉన్నారు."

"ఆవిడ నేనే చంపానని రాయించింది."

"ఇరవై నిమిషాలు ఇవ్వండి."

"జీపు నాలుగూ నలభైకి కదలాలి," అన్నాడతను. కానీ పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

అప్పయ్యమ్మ అదే కుర్చీలో అలాగే కూర్చుని ఉంది. ఝాన్సీ ఎదురుగా కాకుండా ఆమె పక్కన కూర్చుంది.

"నిన్న రాజుబాబుని ముట్టుకోవద్దన్నారన్నావు. ఎవరన్నారు?"

"అందరూ అన్నారమ్మా."

"అందరూ అంటే ఎంతమంది? తోటలో ఎవరెవరున్నారు?"

అప్పయ్యమ్మ నుదురు ముడిచింది. నిన్నటి నుంచి బుర్రలో తిరుగుతున్న గుంపుని ఒక్కొక్కర్నీ తీసి పక్కన పెడుతున్నట్టుంది. "గంగులు తరవాతొచ్చేడు. అంబులెన్సోలు తరవాతొచ్చేరు. అప్పుడైతే... నానూ, పెదబాబూ." ఆగింది. "పెదబాబేనమ్మా. యాన్లోంచి దిగి కేకేసేడు. సిన్నమ్మా ఆగు, ముట్టుకోకు, ఒళ్ళంతా కరెంటుంది అని. ఆడు కరెంటోడు కదా తల్లీ. ఆడికి తెల్దేటి?"

"రాజుబాబు కదిలాడా?"

అప్పయ్యమ్మ తన చేతివేళ్ళ వైపు చూసుకుంది.

"ఏళ్ళు కదిలేయి. గొంతులో గురకొచ్చింది. నాను పెదబాబుకి సూపించేను. అది కరెంటు కొట్టుకోడం సిన్నమ్మా, మనిషి పోనాడు, అన్నాడు. ఎందుకమ్మా ఇయ్యన్నీ అడుగుతన్నావు?"

ఝాన్సీ చెప్పింది. తీగలో కరెంటు లేదని, లైను ముందే ఆపేశారని, నువ్వు ఎవర్నీ చంపలేదని, పిడుగు పడిందని. ఈ మాట వినగానే ఏ మనిషైనా ఏడుస్తుంది, దండం పెడుతుంది. అప్పయ్యమ్మ మొహంలో అలాంటిదేమీ రాలేదు. కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి.

"తీగలో నేదంటే, రాజుబాబు ఒంట్లోనూ నేదా?"

"లేదు."

"ముట్టుకుంటే నాకేటీ అయ్యీది కాదు."

"అయ్యేది కాదు."

"బతికీవోడా?"

ఇంతకాలం సర్వీసులో ఝాన్సీ ఎన్ని గుమ్మాల ముందు నిలబడి ఎన్ని అబద్ధాలు చెప్పిందో లెక్కలేదు. వెంటనే పోయాడమ్మా, బాధ తెలియలేదు, అని. ఇప్పుడు కూడా అదే నోటి దాకా వచ్చింది. చెప్తే ఈ ముసలమ్మ ఇవాళ కాస్త అన్నం తింటుంది. చెప్తే పెదబాబు మీద కేసు ఉండదు. ఎటూ చెప్పాలని లేదు, ఎవరైనా వచ్చి తన బదులు చెప్తే బాగుండును అనిపించింది.

"బతికేవాడేమో," అంది. "ఎవరైనా ముట్టుకుని ఉంటే."

అప్పయ్యమ్మ తల ఆడించింది. కొంగుతో మొహం తుడుచుకుంది, కన్నీళ్ళు లేవు. తర్వాత చాలా మామూలుగా, సంతలో బేరం తెగ్గొట్టుకున్నట్టుగా అంది:

"అయితే ఆ కాయితం అలగే ఉంచీయమ్మా. నా తీగే సంపిందని. నన్ను పంపీయి. తీగ సంపిందంటే తప్పు సేసేనని ఊరుకుంటాను. పదడుగుల దూరంలో కూకోని, ఏళ్ళు కదుల్తంటే సూసేనని రాస్తే, అదెలగ మొయ్యను? ఆడి పెళ్ళాం ముందు ఎలగ నిలబడను?"

"నీకు తెలీదు అప్పయ్యమ్మా. నీకు చెప్పినవాడికి తెలుసు."

"ఆడు మా అక్క కొడుకమ్మా. నా సేత్తో పెంచేను."

బయట జీపు స్టార్టు చేసిన చప్పుడైంది. ఝాన్సీకి వాదించే ఓపిక అయిపోయింది. నేరస్తుడి మీద కోపం తెచ్చుకోవచ్చు. ఈ మనిషి మీద ఏం తెచ్చుకుంటుంది? రిమాండు కాగితం బల్ల మీదే ఉంది. తను సంతకం పెడితే అన్నీ కాగితం మీద సరిపోతాయి, సోమవారం ఎంక్వయిరీలో నోరు విప్పేవాడు ఎవడూ ఉండడు.

అప్పుడు వరండాలోంచి పెదబాబు గొంతు వినిపించింది. కానిస్టేబుల్ని ఎంతో మర్యాదగా అడుగుతున్నాడు.

"మా సిన్నమ్మతో రొండు నిమిషాలు మాటాడనీండి బాబూ. భయపడిపోతాది. నాను సెప్తే ఇంటాది."

అప్పయ్యమ్మ తలుపు వైపు చూసింది. ఆ ముడతల చెయ్యి వచ్చి ఝాన్సీ మణికట్టుని పట్టుకుంది. అంత బలం ఆ చేతిలో ఉందని ఝాన్సీ అనుకోలేదు.

"ఆణ్ణి రానీకమ్మా," అంది గుసగుసగా. "ఆడు మళ్ళీ ఏటో సెప్తాడు. నాను మళ్ళీ నమ్మీస్తాను."

ఝాన్సీ లేచి తలుపు గడియ పెట్టింది. తిరిగొచ్చి కొత్త కాగితం తీసి పైన తేదీ వేసింది.

"మొదటి నుంచి చెప్పు," అంది.